అతిమానవులు లేని బొమ్మల కథ – 'మౌస్'

1938లో సూపర్‌మన్ వెలువడినది మొదలు అమెరికా బొమ్మల కథలనగానే అతిమానవుల సాహసములే స్ఫురించుట పరిపాటియైనది. ఆ త్రోవను విడిచి ఆర్ట్ స్పీగెల్‌మన్, భార్య ఫ్రాన్స్వాజ్ మూలీతో కలిసి 1980లో స్వయముగా స్థాపించిన 'రా' పత్రికలో 'మౌస్' ప్రకటింప నారంభించెను. ఆష్విట్జ్ శిబిరమునుండి బ్రతికి బయటపడిన పోలెండు యూదుడగు తండ్రి వ్లాడెక్ చెప్పిన వృత్తాంతమే అందలి కథ. యూదులు ఎలుకలు, జర్మనులు పిల్లులు. 1992లో దీనికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారము లభించినది.

రాష్ట్రేతరాంధ్రులు దీనిని తప్పక చదువవలెను. న్యూయార్కులో ముసలితండ్రి మాటాడు ఇంగ్లీషు తడబడుచుండును. కుమారుడు దానిని దిద్దలేదు. పోలెండు ఘట్టములలో అదే వ్లాడెక్ మాటలు నిర్దుష్టమైన ఇంగ్లీషున నున్నవి. అచ్చట అతడు మాటాడినది తన భాష గదా!

తల్లి ఆన్యా వ్రాసికొన్న పుస్తకములను మాత్రము, ఆమె మరణానంతరము, తండ్రియే తగులబెట్టెను. 1986 నాటి మొదటి సంపుటము ఆ కలహముతోనే ముగియును. 1991 నాటి రెండవ సంపుటమునందును ఆమె కథ భర్త నోటనే వినవలసియున్నది.