గాంధీ పొందిన యుద్ధసేవా పతకాలు

దక్షిణాఫ్రికాలో క్షతగాత్రులకు, కష్టంలో ఉన్నవారికి చేసిన సేవకు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీకి బ్రిటిష్ ప్రభుత్వం నుంచి మూడు పతకాలు వచ్చాయి: బోయర్ యుద్ధ పతకం, జులూ యుద్ధ పతకం, కైసర్-ఇ-హింద్ బంగారు పతకం. 1920 ఆగస్టు 1న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్‌కు రాసిన లేఖతో ఆయన మూడింటినీ వాపసు చేశాడు.

బ్రిటిష్ వారికీ డచ్ సంతతి బోయర్లకూ మధ్య బోయర్ యుద్ధం 1899 అక్టోబరులో మొదలైంది. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో భారతీయులతో గాంధీ ఏర్పాటు చేసిన అంబులెన్స్ దళంలో ఆత్మకథ ప్రకారం దాదాపు 1,100 మంది ఉన్నారు. వీరిలో సుమారు 300 మంది స్వతంత్రులు, మిగిలినవారంతా ఒప్పంద కూలీలు. నేటాల్‌కు కూలీల ఓడలు ఎక్కువగా మద్రాసు రేవు నుంచే వెళ్లేవి కనుక ఈ మోతగాళ్లలో తమిళులతో పాటు తెలుగువారూ ఉండి ఉంటారు. 1900 జనవరిలో స్పియాన్ కాప్ కొండ వద్ద బ్రిటిష్ జనరల్ బుల్లర్ కోరిక మీద దళం కాల్పుల పరిధిలోకి వెళ్లి పనిచేసింది. స్ట్రెచర్లు మోస్తూ రోజుకు 20 నుంచి 25 మైళ్లు నడిచిన రోజులున్నాయి. పతకాలు మాత్రం 37 మంది నాయకులకు వచ్చాయని గాంధీ రాశాడు. మోతగాళ్ల ప్రస్తావన అక్కడ లేదు.

పతకం దక్కినవారికంటే గుర్తుంచుకోదగ్గ మనిషి ప్రభుసింగ్. ముట్టడిలో చిక్కుకున్న లేడీస్మిత్ పట్టణంలో ఇతనో ఒప్పంద కూలీ. చెట్టెక్కి కూర్చుని, ఎదుటి కొండ మీద బోయర్ల ఫిరంగి మెరవగానే గంట కొట్టేవాడు. గుండు వచ్చి పడేలోగా జనం తప్పుకోడానికి ఆ కాస్త వ్యవధి చాలేది. ఇతనికి బహుమానంగా కాశ్మీరీ అంగీ వచ్చింది. వైస్రాయి కర్జన్ పంపాడని గాంధీ రాస్తే, పంపింది ఆయన భార్య అని మరికొన్ని కథనాలు చెబుతాయి.

1906 నాటి జులూ తిరుగుబాటు (బంబాత తిరుగుబాటు) సమయంలో గాంధీ నడిపిన అంబులెన్స్ దళం చాలా చిన్నది. ఆత్మకథలో 24 మంది అని ఉంది. ఆనాటి పత్రాలలో 20 మందే కనిపిస్తారు. పనిచేసిన కాలం దాదాపు ఆరు వారాలని ఆత్మకథ, సుమారు నెల అని పత్రాలు చెబుతాయి. ఏళ్ల తరువాత జ్ఞాపకం మీద రాసిన లెక్క కంటే అప్పటి పత్రాలకే మొగ్గు చూపాలి. గాంధీకి సార్జెంట్ మేజర్ హోదా ఇచ్చారు. దళం కట్లు కట్టినవారిలో ఎక్కువమంది యుద్ధంలో గాయపడినవారు కారు. అనుమానం మీద పట్టుకుని కొరడాలతో కొట్టగా పుండ్లు చీము పట్టిన జులూలు వారు. తెల్లవారు ఆ పుండ్లు ముట్టుకోడానికి ఒప్పుకోలేదు. ఈ తిరుగుబాటుకు నేటాల్ ప్రభుత్వం ఇచ్చిన వెండి పతకం మీద ‘1906’ పట్టీ 50 రోజులు పనిచేసినవారికే చెందేది. పై రెండు లెక్కలలో ఏది తీసుకున్నా ఈ దళం అంత కాలం పనిచేయలేదు.

కైసర్-ఇ-హింద్ పతకాన్ని విక్టోరియా రాణి 1900లో నెలకొల్పింది. గాంధీకి ఇది 1915 జూన్‌లో ప్రకటించారు. 1914లో లండన్‌లో భారతీయ విద్యార్థులతో ఆయన ఏర్పాటు చేసిన అంబులెన్స్ దళానికి గుర్తింపుగా ఇది వచ్చిందని కొన్ని పుస్తకాలలో ఉంది. అయితే వాపసు లేఖలో ఆయనే దీన్ని దక్షిణాఫ్రికాలోని మానవతా సేవకు ఇచ్చిన పతకంగా పేర్కొన్నాడు. ఆ మాటే ఎక్కువ నమ్మదగినది. భారతదేశంలో ప్రజాసేవకు అని పతకం మీదే చెక్కి ఉండగా సముద్రాల అవతల చేసిన పనికి ఇవ్వడం కొంత విచిత్రమే.

హైదరాబాదుకు చెందిన సరోజినీ నాయుడుకూ ఇదే పతకం లభించింది. ప్లేగు సేవకని కొందరు, 1908 మూసీ వరద సహాయానికని మరికొందరు రాశారు. వరద కథనమే సమంజసంగా తోస్తుంది. జలియన్‌వాలాబాగ్ దురంతానికి నిరసనగా ఆమె కూడా పతకాన్ని తిరిగి ఇచ్చేసింది. 1947లో స్వాతంత్ర్యం రావడంతో కైసర్-ఇ-హింద్ పతకాల ప్రదానం ఆగిపోయింది.