టైరులోని గాలికి కావలి

వేసవి తెల్లవారుజామున నిమ్మనపల్లె పరిసరములనుండి టమాటాలు నింపుకొని మదనపల్లె మార్కెట్టునకు బయలుదేరు బండ్లను చూచినవారికి ఒక దృశ్యము పరిచితమే. డ్రైవరు దిగి, టైరును కాలితో ఒక తన్ను తన్ని, సరేనని తల యాడించి, మరల ఎక్కి కూర్చుండును. లారీవారైనచో ఇనుపకడ్డీతో కొట్టి ధ్వని వినెదరు. గాలిపై ప్రయాణము చేయ నేర్చిన మనుష్యుడు, ఆ గాలి ఎంత యున్నదో తెలిసికొనుటకు నూరేండ్లకు పైగా పడిన పాట్లు ఆ ఒక్క తన్నులో కనబడును.

గాలి టైరును మొదట కల్పించినవాడు రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు. 1845లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, అతడు దానికి పేటెంటు పొందెను. రబ్బరు పట్టించిన గుడ్డగొట్టమునకు తోలు తొడుగు వేసి, గాలి నింపి, గుఱ్ఱపుబండి చక్రములకు అమర్చెను. బండి మెత్తగనే నడచినది. కాని నాటికి మోటారు పుట్టలేదు. ఆ యూహ మరుగున పడిపోయెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమునందలి పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల సైకిలు కొరకు చేసిన ప్రయోగము ఫలించి, పేటెంటు పొందెను. థామ్సను సంగతి ఆయన యెరుగడు. ఆ పాత పేటెంటు బయటపడినపుడు డన్‌లప్ హక్కు చెల్లక పోయినను పేరు మాత్రము నిలిచినది. 1936లో వంగదేశమున సాహాగంజిలో ఆ పేరిటి కర్మాగారము వెలసెను.

1895లో మిషెలిన్ సోదరులు పారిస్ నుండి బోర్డోకు పోయి తిరిగి వచ్చు పందెములో గాలి టైర్లతో కారు నడిపిరి. దారి పొడవునా పంక్చర్లే! గెలువలేదు గాని, గాలిమీద కారు నడచునని లోకమునకు చూపిరి. ఆ కాలముననే న్యూయార్కులో స్థిరపడిన జర్మనీ దేశీయుడు ఆగస్టు ష్రాడర్ ఒక వాల్వు కనిపెట్టెను. గాలి లోనికి పోవును, తనంతట వెలికి రాదు. నేటికిని మన కార్ల చక్రములకున్నది ఆ జాతి వాల్వే. దానికి ఆనించి చూచు కలమువంటి కొలపరికరము తరువాత వచ్చినది. చదరపు అంగుళమునకు ఇన్ని పౌండ్లని గాలికి ఒక అంకె ఏర్పడినది. అయినను ఆ అంకె తెలియవలెనన్న బండి ఆపి దిగవలసినదే.

దిగినవారు కొలుచుటకు బదులు తన్నుటకే అలవాటుపడిరి. పూర్వపు టైరులలో గాలి తగ్గినచో ప్రక్కలు కుంగి కంటికి కొంత తెలిసెడిది. 1946లో మిషెలిన్ వారు పేటెంటు పొందిన రేడియల్ టైరు వచ్చిన పిదప ఆ యాధారమును పోయినది. దాని ప్రక్కలు గాలి నిండుగా నున్నను కొంచెము ఉబ్బియే యుండును. ముప్పది రెండు పౌండ్లు ఉండవలసినచోట ఇరువదినాలుగు మాత్రమే యున్నను, చూపునకు అంతయు సరిగనే తోచును.

ఇక మన వేసవి సంగతి. ఎండకాలమున టైరు పేలునని గాలి తగ్గించి పట్టించు వాడుక మనవైపు మిక్కుటముగా నున్నది. ఇది తలక్రిందులైన వైద్యము. టైరును కాల్చునది ఎండ యొక్కటియే కాదు. గాలి తక్కువై ప్రతి చుట్టులోను అది నలిగి, లోలోపల పుట్టు వేడి. వేడికి పీడనము పెరుగుట నిజమే. పది డిగ్రీలు పెరిగినచో సుమారు ఒకటిన్నర పౌండు హెచ్చును. కారు చేసినవారు దానిని లెక్కలోనికి తీసికొనియే అంకె నిర్ణయింతురు. రెండువేల అడుగులకు పైబడిన మదనపల్లె మెట్టనుండి తిరుపతి మైదానమునకు మధ్యాహ్నవేళ దిగినవారు, కాగియున్న టైరునుండి గాలి తీసిరా, చల్లారినపుడు అది తక్కువై, మరునాటి ప్రయాణమునకు అపాయము సిద్ధమైనట్లే.

డ్రైవరు దిగకయే చక్రము తన స్థితిని తాను చెప్పు ఏర్పాటు 1986లో జర్మనీవారి పోర్షే 959 కారులో కనబడెను. చాల కాలము అది ధనికుల వేడుకగనే యుండెను. 2000 నాటికి అమెరికాలో ఫైర్‌స్టోన్ టైర్ల పై పొరలు ఊడి, ఫోర్డు ఎక్స్‌ప్లోరర్ బండ్లు బోల్తాపడి, నూరుమందికి పైగా మరణించిరి. ఆ యేడే అచట శాసనము పుట్టెను. 2007 సెప్టెంబరు తరువాత తయారైన చిన్నబండ్లన్నిటికిని, గాలి నాలుగవవంతు తగ్గగనే దీపము వెలిగించు ఏర్పాటు తప్పనిసరి యయ్యెను. ఐరోపా సమాజములో 2014 నవంబరు నుండి క్రొత్తకార్లన్నిటికిని అదే నియమము. మన దేశమున 2020లో చేసిన సవరణ ప్రకారము, ఈ ఏర్పాటును, ట్యూబులేని టైర్లను, పంక్చరు సరిచేయు సామగ్రిని కలిగిన మూడున్నర టన్నుల లోపు బండ్లకు స్పేరు టైరు అక్కరలేదు.

శ్రోతలకు ఒక ముచ్చట. ఈ కావలి విధములలో ఒకటి అచ్చముగా రేడియోయే! చక్రములో వాల్వు మొదట ఒక చిన్న ప్రసారకేంద్రము కూర్చుండి పీడనమును తరంగములుగా పంపును. డ్రైవరు ముందరి పెట్టె దానిని అందుకొనును. రెండవ విధమునకు ఈ ప్రసారము లేదు. బ్రేకుల కొరకు అమర్చిన యంత్రము చక్రముల వేగములను పోల్చి, గాలి తగ్గిన చక్రము కొంచెము వడిగా తిరుగుటను పసిగట్టును. చవుకైనదే గాని, నాలుగు చక్రములలోను గాలి సమముగా తగ్గినచో దీనిలో కొన్ని రకములకు తెలియదు. కొన్ని నెలలు గాలి చూపించుకొనని బండికి జరుగునది సరిగా అదియే.

2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరువంటి పాతబండ్లకు ఈ రెండును లేవు. వాల్వు మూతకు బదులుగా బిగించు చిన్న ప్రసారయంత్రములు నేడు అంగళ్లలో దొరకుచున్నవి. పాతకారునకు అవి చక్కగా సరిపోవును. కాని వానికిని, కర్మాగారములోనే అమర్చిన వానికిని ఆయుర్దాయము బ్యాటరీయే. లోపలి దాని బ్యాటరీ ఏడెనిమిదేండ్లకో పదేండ్లకో ఉడిగిపోవును. అట్లు నిన్నటి క్రొత్తకారు కూడ ఈ విషయమున పాతకారగుచున్నది. వెలిగిన హెచ్చరిక దీపము గాలిని గూర్చియో, తన బ్యాటరీని గూర్చియో తెలియక యజమాని దానిని చూచీచూడనట్లు ఊరకుండును.

అట్టివానికి దిక్కు ఆ కలమువంటి కొలపరికరమే. ఉదయమున బండి కదలక మునుపు, టైరు చల్లగా నున్నపుడు, నెలకొకసారి కొలువవలెను. స్పేరు టైరును మరువరాదు. ఉండవలసిన అంకె డ్రైవరు తలుపు చట్రముపై చీటీలోనో, బండితో వచ్చిన పుస్తకములోనో యుండును. టైరు ప్రక్కనే పోతపోసియున్న అంకెను చూచి నింపుకొనువారు కలరు. అది ఆ టైరు భరింపగల గరిష్ఠ పీడనము మాత్రమే.