బెర్లిన్ వెళ్లగొట్టిన మనిషి, భువనేశ్వర్ గీసిన చెయ్యి

యథార్థ గాథ

1948 ఏప్రిల్ 13. లింగరాజ ఆలయానికి ఉత్తరాన ఎర్ర కంకర నేల. తుప్పలు. వేసవి ఎండ. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ అక్కడ ఒడిశా కొత్త రాజధానికి శంకుస్థాపన చేశారు. ఆ బీడు మీద ఊరు ఎలా లేవాలో గీసే పని ఒక జర్మన్ ఆర్కిటెక్ట్ చేతికి వచ్చింది. వయసు 39. పేరు ఓటో కోనిగ్స్‌బర్గర్. సొంత దేశంలో నిలువ నీడ లేకుండా పోయిన మనిషి, ఒక రాష్ట్రానికి నీడనిచ్చే ఊరు గీశాడు.

మన కొరాపుట్ వాళ్లకు జర్మన్లు కొత్త కాదు. 1882లోనే బ్రెక్లుమ్ మిషన్ దొరలు ఈ కొండల్లో మకాం పెట్టారు. కానీ ఈ జర్మన్ మన కొండలు ఎక్కి వచ్చినవాడు కాదు. మనమే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆయన గీసిన ఊరికి వెళ్తుంటాం. రాయగడ నుంచి సచివాలయానికి ఫైలు వెంట వెళ్లినా, జైపూర్ నుంచి రోగిని యూనిట్-6లోని క్యాపిటల్ హాస్పిటల్‌కు తీసుకెళ్లినా, యూనిట్-1 హాట్‌లో కూరగాయలు కొన్నా మనం నడిచేది ఆయన గీతల మీదే.

బెర్లిన్, 1933

బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదివే ప్రతి కుర్రాడికీ కార్ల్ ఫ్రీడ్రిక్ షింకెల్ గురుతుల్యుడు. 1781లో పుట్టి 1841లో కన్నుమూసిన ఆ ప్రొఫెసర్ రాజధాని మధ్యలో కాపలా సైనికుల భవనం కట్టాడు, నాటకశాల కట్టాడు, మ్యూజియం కట్టాడు. బెర్లిన్‌కు ఒక రూపం తెచ్చిందే ఆయన. ఆయన పేరిట ఏటా ఇచ్చే బహుమతి యువ ఆర్కిటెక్టులకు పెద్ద గౌరవం. 1933లో అది కోనిగ్స్‌బర్గర్‌కు దక్కింది. తండ్రి ఆర్కిటెక్ట్. మేనమామ మాక్స్ బోర్న్ పేరున్న భౌతిక శాస్త్రవేత్త. గురువు హాన్స్ పోల్జిగ్. చేతిలో ప్రభుత్వ కొలువు. ఇక ఏం కావాలి?

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే హిట్లర్ ప్రభుత్వం యూదులను సర్కారీ కొలువుల నుంచి తొలగించే చట్టం తెచ్చింది. కోనిగ్స్‌బర్గర్ యూదు వంశస్థుడు. షింకెల్ బహుమతి అందుకున్న ఏడాదే కొలువు పోయింది. 25 ఏళ్లయినా నిండకుండానే బతుకు మొదటికి వచ్చింది.

కైరో నుంచి మైసూరుకు

ఆయన ఈజిప్టు చేరాడు. ప్రాచీన కట్టడాలను పరిశోధించే లుడ్విగ్ బోర్‌కార్ట్ దగ్గర పనిచేస్తూ, పురాతన ఈజిప్టు తలుపుల నిర్మాణం మీద డాక్టరేట్ సంపాదించాడు. ఎండ దేశంలో గాలి ఎటు నుంచి రావాలో, వెలుగు ఎంత రావాలో ఆయన కళ్లారా చూసింది అక్కడే.

1939లో మైసూరు దివాన్ మీర్జా ఇస్మాయిల్ నుంచి పిలుపు వచ్చింది. తర్వాతి కాలంలో హైదరాబాద్ నిజాం దగ్గర ప్రధానిగా పనిచేసింది కూడా ఈ మీర్జాయే. బెంగళూరులో ప్రభుత్వ ఆర్కిటెక్టుగా కోనిగ్స్‌బర్గర్ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో భవనాలు కట్టాడు. ఆ తర్వాత టాటాల కోసం జంషెడ్‌పూర్‌కు ప్రణాళిక వేశాడు. అప్పటికి ఆయన లెక్క వేరే అయిపోయింది. భవనం ముందు కాదు, అందులో ఉండే మనిషి ముందు.

ఏడు రకాల దారులు

కొరాపుట్ 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ రోజు ఒడిశా కొత్త రాష్ట్రమైంది. విశాఖ వైపు చూసే కొండలు కటక్ వైపు చూడాల్సి వచ్చింది. కటక్ చూస్తే మహానదికీ కాఠజోడికీ నడుమ ఇరుక్కుని ఉంది. వచ్చే ఆఫీసులకు అక్కడ చోటేది? 1946లో భువనేశ్వర్ ఖాయమైంది. అప్పటి ఒడిశా ప్రభుత్వాధినేత హరేకృష్ణ మహతాబ్ ఆ పనికి నడుం కట్టాడు.

చండీగఢ్ పటం గీయడానికి ఫ్రాన్స్ నుంచి ఆర్కిటెక్ట్ లె కోర్బూజియే రావడానికి 1948 నాటికి ఇంకా మూడేళ్లుంది. అప్పటికే కోనిగ్స్‌బర్గర్ కొత్త రాజధాని పటం వేశాడు. నలభై వేల మందికి సరిపడే ఊరు. పెద్ద పెద్ద మేడలతో బెదరగొట్టే రాజధాని ఆయనకు అక్కర్లేదు. ఊరిని పేటలుగా విడదీశాడు. ఒక్కో పేటకు బడి, అంగడి, ఆటస్థలం. పిల్లలు పెద్ద రోడ్డు దాటే పని లేకుండా నడిచి బడికి పోవాలి. ఇంటి ఇల్లాలు సరుకుల కోసం ఊరు దాటి వెళ్లకూడదు. ఇవాళ మనం యూనిట్లని పిలిచేవి ఆ పేటలే.

దారులను ఏడు రకాలు చేశాడు. నడిచేవాళ్లకు కాలిబాట, చెట్ల నడుమ నడకదారి, సైకిల్ దారి, ఇళ్ల మధ్య చిన్న వీధి, పెద్ద వీధి, ప్రధాన రోడ్డు, ఊరంతా కలిపే రాజమార్గం. కారున్నవాడు అరుదైన రోజుల్లో, కాలినడకన వచ్చేవాణ్ణి మొదటి పౌరుడిగా లెక్కపెట్టిన పటం అది. దాని మీద భవనాలను నిలబెట్టింది రాష్ట్ర ఆర్కిటెక్ట్ జూలియస్ వాజ్.

దెబ్బ, దాని నుంచి పాఠం

అదే 1948లో కోనిగ్స్‌బర్గర్ కేంద్ర ప్రభుత్వంలో గృహనిర్మాణ డైరెక్టర్ అయ్యాడు. దేశ విభజనలో ఇళ్లు వదులుకుని వచ్చిన లక్షల మందికి గూడు చూపాలి. ఇల్లు పోవడమంటే ఏమిటో అనుభవించినవాడి చేతికి ఆ పని వచ్చింది. ఫరీదాబాద్, గాంధీధామ్, నీలోఖేరి వంటి శరణార్థుల పట్టణాల్లో ఆయన చెయ్యి ఉంది. కానీ గోడపలకలను ముందే తయారుచేసి ఇళ్లు కట్టాలన్న ఢిల్లీ ఫ్యాక్టరీ విఫలమైంది. పలకలు పగిలాయి. పార్లమెంటులో నిలదీశారు. 1951లో ఆయన లండన్ వెళ్లిపోయాడు.

ఆ దెబ్బతో ఆగిపోలేదు. అక్కడి ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ స్కూల్లో ఉష్ణదేశాల వాస్తు విభాగం 1954లో మొదలైతే, కొన్నేళ్లకే దాని సారథి అయ్యాడు. ఆఫ్రికా, ఆసియాల నుంచి వచ్చిన కుర్రాళ్లకు పాఠాలు చెప్పాడు. మరికొందరితో కలిసి రాసిన ‘మాన్యువల్ ఆఫ్ ట్రాపికల్ హౌసింగ్ అండ్ బిల్డింగ్’ను మన ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు. 1971లో ఆ విభాగం లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి మారింది. ఆయన అక్కడ ప్రొఫెసర్. ఊరి పటం ఒక్కసారి గీసి బీరువాలో పెట్టేది కాదు, జనంతో పాటు ఏటా మారుతూ సాగాల్సిన పని అని చివరిదాకా చెప్పాడు. 1999లో లండన్‌లో కన్నుమూశాడు.

పటం జనంతో పాటు మారాలన్న ఆ మాట ఎంత నిజమో భువనేశ్వరే చెబుతోంది. నలభై వేల మందికని గీసిన ఊరు 2011 జనగణన నాటికే ఎనిమిది లక్షలు దాటింది. పాత యూనిట్లలో ఇంకా నీడ ఉంది, బడి దగ్గరలో ఉంది. ఆ తర్వాత అడ్డదిడ్డంగా పెరిగిన చోట అవి లేవు.

ఇప్పుడు మన వంతు. రాయగడ 1992లో జిల్లా కేంద్రమైంది. జైపూర్, కొరాపుట్, సునాబేడా, గుణుపురం ఏటా కొండల్లోకి పాకుతున్నాయి. ఒడియా, తెలుగు, కువి మాట్లాడే ఇళ్లు ఒకే వీధిలో లేస్తున్నాయి. కొత్త లేఅవుట్ పటం మునిసిపాలిటీ బల్ల మీదికి వచ్చిన ప్రతిసారీ రోడ్డు వెడల్పు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇక్కడి పిల్ల ఒంటరిగా, భయం లేకుండా, నడిచి బడికి వెళ్లగలదా? వెళ్లలేకపోతే ఆ పటాన్ని వెనక్కి పంపాలి. ఇల్లు కోల్పోయినవాడు మనకు నేర్పిన పాఠం ఇదే. దాన్ని పాటించడానికి నిధులు రావాలని ఎదురుచూడక్కర్లేదు, అడిగే నోరుంటే చాలు.