ఏ రంగు కారు? ఏ మ్యాపు?

పిడుగురాళ్లలో ఎవరైనా కారు కొంటున్నారంటే మొదట అడిగేది మైలేజీ, తర్వాత రేటు. రంగు సంగతి ఎవరూ అడగరు. తెలుపే అయ్యుంటుందని అందరికీ తెలుసు కదా మరి. మా ఇంట్లో మూడు వారాలుగా నడుస్తున్న చర్చ కూడా అక్కడే చిక్కుకుంది. నాన్నకి తెలుపు కావాలి, అది కూడా మామూలు తెలుపు. తమ్ముడికి నలుపు. షోరూమ్ కుర్రాడికేమో మా చేత టాప్ మోడల్ కొనిపించాలి. కారులోనే మ్యాపు, దారి చెప్పే గొంతు, అన్నీ అందులోనే ఉన్నాయట. కింది మోడల్‌కీ దానికీ తేడా లక్షా డెబ్బై వేలు.

కారు నడిపేది నాన్న. నెలకి రెండుసార్లు అమ్మని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఒక్కోసారి చీకటి పడ్డాక సత్తెనపల్లి మీదుగా తిరిగి రావాలి. నేను హైదరాబాదులో కూర్చుని ఈఎమ్ఐ కట్టే పార్టీని. అందుకని ఆ లక్షా డెబ్బై వేలు దేనికి పోస్తున్నామో చూద్దామని చరిత్ర తవ్వడం మొదలెట్టాను. నాకు తేలిందేమిటంటే, కారు రంగూ, కారుకి దారి చెప్పే మ్యాపూ కొనేవాడి ఇష్టానికి వచ్చింది చాలా ఆలస్యంగా. అందులో రంగు పూర్తిగా మన చేతికి వచ్చేసింది. మ్యాపు మాత్రం ఇంకా సగమే వచ్చింది.

ముందు రంగు. ఫోర్డు గారి నల్ల కారు జోకు మీరంతా వినే ఉంటారు. చాలామందికి తెలియనిది ఏంటంటే, 1908లో మోడల్ టీ వచ్చిన కొత్తలో అది ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో దొరికేది. 1914 నుంచి 1925 దాకా మాత్రమే నలుపు ఒక్కటే. నల్ల ఎనామిల్ చవక, గట్టిది. అసెంబ్లీ లైను మీద పని సాఫీగా సాగాలంటే ఒకే రంగు ఉండటం సుఖం. మన భాషలో చెప్పాలంటే కాన్ఫిగరేషన్ తీసేసి హార్డ్‌కోడ్ చేశాడన్నమాట.

ఆ రోజుల్లో మంచి రంగు వార్నిష్‌తో కారు పూర్తి చెయ్యాలంటే పూతలు ఆరడానికే వారాలు పట్టేది. ఆరేంతవరకు కార్లన్నీ ఎక్కడో ఒక చోట దుమ్ము పడకుండా నిలబెట్టాలి. ఆ ముడి విప్పింది డ్యూపాంట్ కంపెనీ వాళ్ళ డ్యూకో లాకర్. 1923లో జనరల్ మోటార్స్ తన ఓక్లాండ్ కార్లకి డ్యూకోతో నీలం రంగు వేసి బయటికి వదిలింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. 1927కల్లా జనరల్ మోటార్స్ రంగుకీ రూపానికీ విడిగా ఒక విభాగమే పెట్టింది, హార్లీ ఎర్ల్ దానికి పెద్ద. అంతకు ముందే ఫోర్డు కూడా దిగొచ్చి మళ్ళీ రంగులు మొదలెట్టాడు. అన్నట్టు, ఆ డ్యూకో మన దగ్గర ఇప్పటికీ బతికే ఉంది. బీరువాకో తలుపుకో నున్నగా మెరిసే రంగు వేయించాలంటే పెయింటరు "డ్యూకో వేద్దామా సార్" అంటాడు చూశారా, అదే ఇది.

మన దేశంలో మాత్రం రంగులు ఎన్నున్నా లాభం లేకపోయింది, అసలు కారే దొరికేది కాదు గనక. అంబాసిడర్, ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్. లైసెన్సు రాజ్యంలో ఎవరు ఎన్ని కార్లు చెయ్యాలో ప్రభుత్వం చెప్పేది. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూశాక కారు వచ్చిందంటే రంగు గురించి పేచీ పెట్టేవాడెవడు? 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి మారుతీ 800 తాళాలు ఇచ్చిన తర్వాత కూడా క్యూలు చాలాకాలం తగ్గలేదు. 1993లో కార్ల తయారీకి లైసెన్సు తీసేశారు. 1998లో ఒకే ఏడాది శాంత్రో, ఇండికా, మాటిజ్ వచ్చాయి. మధ్యతరగతి వాడు షోరూములో కూర్చుని రంగుల కాగితం తిరగేయడం అప్పటి నుంచే అనుకోవచ్చు. అంటే మన తరం పుట్టి బళ్ళో చేరే వేళకి.

ఇన్ని రంగులు చేతికొచ్చాక జనం ఏం ఎంచుకున్నారు? తెలుపే! నలుపు ఈ మధ్య పుంజుకుంటోంది గానీ, మన దేశంలో ఇప్పటికీ ఎక్కువ అమ్ముడయ్యేది తెల్ల కారే. దీనికి తెల్ల అంబాసిడర్ కారణం అని కొందరంటారు. కలెక్టరు, మంత్రి, ఎమ్మెల్యే అందరూ అందులోనే తిరిగారు, అందుకని తెలుపు అంటే దర్జా అట. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా ఆ కారు పరువు ఆ కారుకి ఉంది. మన సినిమావాళ్ళు ఆ పరువుని తెల్ల సుమోలకి బదిలీ చేసి, తర్వాత వాటిని గాల్లోకి లేపారు, అది వేరే కథ :-)

ఈ దర్జా కారణం మా ఊరి విషయంలో నాకు పెద్దగా నచ్చదు. మా ఊరి కారణాలు రెండే, సున్నమూ ఎండా.

పిడుగురాళ్లని లైమ్ సిటీ అంటారు. పల్నాడు నేల కింద అంతా సున్నపురాయి. దాన్ని బొగ్గుతో కలిపి బట్టీలో సుమారు తొమ్మిది వందల డిగ్రీల దగ్గర కాలుస్తారు. స్వచ్ఛమైన రాయి వంద కిలోలు కాలిస్తే యాభై ఆరు కిలోల సున్నం మిగులుతుంది, మిగతా నలభై నాలుగు కిలోలు కార్బన్ డయాక్సైడై గాల్లో కలుస్తుంది. ఇంటర్లో బట్టీ పట్టిన సమీకరణం అక్కడ రోజూ కళ్ళముందు జరుగుతుంటుంది. బట్టీల వైపు ఆగివున్న ఏ బండి మీద చూసినా తెల్లటి పొడి. నల్ల కారు అక్కడ సాయంత్రానికి బూడిద రంగు కారు అవుతుంది. తమ్ముడికి ఇది తెలియక కాదు, వాడు ఉండేది బెంగుళూరులో.

పొడి కనబడ్డం ఒక్కటే అయితే తుడుచుకోవచ్చు. కానీ కాల్చిన సున్నం నీళ్ళు తగిలితే వేడెక్కి క్షారమవుతుంది. దాని పీహెచ్ పన్నెండు దాటుతుంది. మంచు పడ్డ కారు మీద ఈ పొడి కూర్చుని, పొద్దున్నే ఎండకి ఆరిందంటే పైనున్న క్లియర్ కోట్ మీద మచ్చలు పడతాయి. తెలుపు మీద కూడా పడతాయి, కానీ కనబడవు. తడిగుడ్డతో రుద్దడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ముందు పొడిని దులిపి, బోలెడు నీళ్ళు పోసి కడగాలి. మరక మిగిలితే నీళ్ళలో కొద్దిగా వెనిగర్ కలిపి తుడిచి, మళ్ళీ కడిగెయ్యాలి. క్షారానికి ఆమ్లం విరుగుడు, అంతే.

ఇక ఎండ. వేసవి వస్తే వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినబడని రోజుండదు. అది మా పక్కనే, గురజాల దాటితే వచ్చేస్తుంది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ లేబరేటరీ వాళ్ళు ఒక నల్ల కారునీ ఒక వెండి రంగు కారునీ ఎండలో నిలబెట్టి కొలిచి, 2011లో ఫలితాలు ప్రకటించారు. వెండి రంగు కారు లోపలి గాలి ఐదారు డిగ్రీలు చల్లగా ఉంది. వెండి రంగే అంత చేస్తే తెలుపు ఇంకా నయమే గానీ తక్కువ కాదు. ఆసుపత్రి బయట మూడు గంటలు ఎండలో నిలబడ్డ కారులోకి అమ్మ వచ్చి కూర్చోవాలి. నా ఓటు నలుపు నుంచి తెలుపుకి మారడానికి ఈ ఒక్క లెక్క సరిపోయింది.

మామూలు తెలుపా, ముత్యపు తెలుపా అన్న చోట కూడా నాన్నదే సరైన మాట. ముత్యపు తెలుపులో అభ్రకం రేణువుల పూత ఒకటి మధ్యలో ఉంటుంది. గీత పడి ఒక డోరుకి మళ్ళీ రంగు వేయించాలంటే పక్క డోరుతో మ్యాచ్ అవ్వడం కష్టం. మామూలు తెలుపుకి మా ఊరి పెయింటరు చాలు. పైగా దానికి అదనపు డబ్బు అడగరు.

సరే, రంగు అయిపోయింది. మ్యాపు కథ ఇంత తొందరగా తేలేది కాదు.

తెలుగులో దారి వివరాలు రాసిపెట్టిన తొలి మనుషుల్లో ఏనుగుల వీరాస్వామయ్య ఒకరు. మద్రాసు సుప్రీం కోర్టులో ఉద్యోగి. 1830 మేలో బయల్దేరి కాశీ వెళ్ళి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. అందులో ఊరికీ ఊరికీ దూరమెంత, దారి ఇసకా రాళ్ళా, మంచినీళ్ళు ఎక్కడ, సరుకులు దొరికే అంగళ్ళు ఎక్కడ, అన్నీ ఉంటాయి. దాన్ని నేను సాహిత్యంగా కంటే నావిగేషన్ డేటాగానే ఎక్కువ ఆనందించాను. తన తర్వాత వెళ్ళేవాడి కోసం ఒక మామూలు ప్రయాణికుడు రాసింది అది.

అప్పటికే కుంపిణీ వాళ్ళు కొలతలు మొదలెట్టారు. 1802లో లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బేస్‌లైను కొలిచి త్రికోణాలు అల్లుకుంటూ పోయాడు. కాలిన్ మెకంజీ అంతకు ముందే 1797లో అమరావతి స్తూపం దగ్గరికి వచ్చాడు (ఆ అమరావతి ఇప్పుడు మా పల్నాడు జిల్లాలోదే). ఆయన వెనక కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి మన తెలుగువాళ్ళు లేకపోతే ఊళ్ళ పేర్లు కూడా సరిగ్గా రాసుకోగలిగేవాడు కాదు. 1815లో మెకంజీ దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ మ్యాపులు శిస్తు కోసం, సైన్యం కోసం. బండి తోలుకునేవాడి కోసం ఎవరూ గీయలేదు.

బండి తోలేవాడికి మిగిలింది మైలురాయి. దాని నెత్తి మీద రంగు చూసి రోడ్డేదో చెప్పొచ్చు. జాతీయ రహదారికి పసుపు, రాష్ట్ర రహదారికి ఆకుపచ్చ, పీఎంజీఎస్‌వై కింద వేసిన ఊరి రోడ్డుకి నారింజ. నాన్న ఇప్పటికీ వీటిని చూసే నడుపుతాడు. వాటితోపాటు రైల్వే గేట్లు, చింతచెట్లు, టీ బంకులు.

కారులో తెర మీద మ్యాపు మొట్టమొదట చూపించింది హోండా, 1981లో. ఉపగ్రహాలు లేవు, లోపల ఒక గైరో, పైన పారదర్శకమైన మ్యాపు షీట్లు. షీటు అంచుకి రాగానే మనమే మార్చుకోవాలి. 1990లో మాజ్డా వాళ్ళ కాస్మోలో జీపీఎస్ వచ్చింది. కానీ అప్పటి జీపీఎస్ పౌరులకి కావాలనే తప్పు చూపించేది, వంద మీటర్ల దాకా తేడా. అమెరికా సైన్యం పెట్టిన ఆంక్ష అది. వంద మీటర్లంటే మా ఊళ్ళో మెయిన్ రోడ్డుకి బదులు వెనక సందు. 2000 మే నెలలో క్లింటన్ ఆ ఆంక్ష తీసేయించాక ఒక్క రాత్రిలో ప్రపంచంలోని రిసీవర్లన్నీ ఇరవై మీటర్లలోపు సరైన చోటు చూపించడం మొదలెట్టాయి. ఎవరి కారులోనూ ఏమీ మారలేదు. స్విచ్ ఎక్కడో ఉంది, ఎవరో నొక్కారు.

ఆ స్విచ్ మన చేతిలో ఉండాలనే కదా నావిక్. 2013 జులై నుంచి 2016 ఏప్రిల్ లోపు ఏడు ఉపగ్రహాలు మన శ్రీహరికోట నుంచే ఎక్కాయి. తర్వాత వాటిలో కొన్నింటి అణు గడియారాలు చెడిపోయాయి. గడియారం పోతే ఆ ఉపగ్రహం దారి చెప్పలేదు. 2023 మేలో స్వదేశీ గడియారంతో ఎన్‌వీఎస్-01 వెళ్ళింది. 2025 జనవరిలో ఎన్‌వీఎస్-02 వెళ్ళింది గానీ అనుకున్న కక్ష్యకి చేరలేదు. ఎవరినీ తప్పుపట్టే ఉద్దేశం లేదు, చాలా కష్టమైన పని. కాకపోతే షోరూమ్ కుర్రాడు "నావిగేషన్ కారులోనే ఉంది సార్" అన్నప్పుడు, కారులో ఉన్నది తెర మాత్రమే అని గుర్తుండాలి.

ఆ తెరలోని మ్యాపు ఎంతకాలం పనికొస్తుంది? 2013లో ఎస్‌డీ కార్డు మ్యాపుతో ఒక కారు కొన్నారనుకుందాం. హైదరాబాదు నుంచి నల్గొండ, మిర్యాలగూడ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటి దాచేపల్లి, పిడుగురాళ్ల రావాలి. ఆ కార్డు దృష్టిలో వాడపల్లి వంతెన ఒక నది మీద వంతెనే, 2014 జూన్ 2 నుంచి అది రాష్ట్రాల సరిహద్దు. పిడుగురాళ్ల గుంటూరు జిల్లా అని చూపిస్తుంది, 2022 ఏప్రిల్ 4 నుంచి మాది పల్నాడు జిల్లా, కలెక్టరు నరసరావుపేటలో. అద్దంకి-నార్కెట్‌పల్లి రోడ్డు నాలుగు వరసలు అయ్యాక యూటర్నులన్నీ మారిపోయాయి. పేరు తప్పయితే నవ్వుకుంటాం, యూటర్ను తప్పయితే రాత్రిపూట ఎదురుగా లారీ.

"ఇప్పుడన్నీ సిమ్‌తో వాటంతటవే అప్‌డేట్ అవుతాయి సార్" అని దానికీ జవాబు ఉంది. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో ఏటీ అండ్ టీ 3జీ ఆపేసినప్పుడు చాలా కంపెనీల కార్లలో కనెక్టెడ్ సేవలు పోయాయి. అక్కడున్న మన మిత్రులకి గుర్తుండే ఉంటుంది. ఇంజను ఇంకా పదేళ్ళు నడిచేలా ఉన్నా మోడెము ముసలిదైపోయింది. మనం మూడేళ్ళకోసారి ఫోను మారుస్తాం, కారుని పదిహేనేళ్ళు వాడతాం. ఈ రెండింటినీ ఒకే డబ్బాలో బిగించడం డిజైన్‌గా నాకు నచ్చదు. ఏపీఐ వేరు, ఇంప్లిమెంటేషన్ వేరు ఉండాలని మనమే కదా జూనియర్లకి చెప్తాం.

అందుకని కింది మోడలే, మామూలు తెలుపు. అందులో ఫోను తగిలించుకునే తెర ఎలాగూ ఉంది. మిగిలిన డబ్బులో మొదటి ఖర్చు, ఆరు ఎయిర్‌బ్యాగులూ రివర్సు కెమెరా ఆ మోడల్‌లో ఉండేలా చూసుకోవడం, లేకపోతే ఒక మెట్టు పైది. నాన్న ఫోనులో పిడుగురాళ్ల నుంచి గుంటూరు దాకా, అటు మాచర్ల దాకా మ్యాపుని ఆఫ్‌లైన్లో దించి పెట్టాను. సిగ్నల్ లేని చోట కూడా ఉపగ్రహం అందుతుంది, జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు. ఆ ఆఫ్‌లైన్ మ్యాపుకీ గడువుంటుంది, తీరేలోపు అప్‌డేట్ అయిందో లేదో చూడాలి. ఆ పని తమ్ముడికి అప్పజెప్పాను, నలుపు పోయిన బాధలో ఉన్నాడు కాబట్టి.