స్టీరియో మిశ్రమంలో కీబోర్డు వాద్యాల చోటు

రెండు స్పీకర్ల నడుమ ఏ వాద్యం ఎటునుంచి వినిపించాలో నిర్ణయించే పనిని రికార్డింగు వాడుకలో ప్యానింగ్ అంటారు. ఎడమ, కుడి చెవులకు చేరే శబ్దాల తీవ్రతలో తేడా, సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువైన కాలంలో తేడా - ముఖ్యంగా ఈ రెండింటినిబట్టే మనిషి దిక్కును పసిగడతాడు. 1931లో బ్రిటన్‌లో అలన్ బ్లమ్‌లైన్ స్టీరియోకు పేటెంటు దరఖాస్తు చేసినప్పుడు ఆయన ముందున్న సమస్య, గదిలో నిజంగా ఉన్న శబ్దాన్ని ఉన్న చోటే వినిపించడం. తబలాకు, వయొలిన్‌కు గదిలో ఒక చోటుంటుంది. కీబోర్డు సింథసైజర్‌కు అది లేదు. తీగమీదో తోలుమీదో పుట్టని దాని నాదానికి దిక్కు ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే. అందుకే కీబోర్డు వచ్చాక స్థాన నిర్ణయం రికార్డింగు పనిగా మాత్రమే మిగలక స్వరరచనలో భాగమైందని చెప్పాలి.

ఈ మార్పు ఒక్కసారిగా రాలేదు. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7కు ఉన్నది ఒకే మోనో (ఎడమ, కుడి తేడా లేని) అవుట్‌పుట్. దాని చోటు మిక్సర్ దగ్గరే తేలేది. ఎలక్ట్రానిక్ వాద్యాల మధ్య సంకేతాలు నడిపే మిడి ప్రమాణం అదే ఏడాది వెలువడింది. తర్వాత దానిలో ప్యానింగ్‌కు 10వ నంబరు కంట్రోలర్ కేటాయించారు. సున్నా పూర్తిగా ఎడమ, 64 నడుమ, 127 పూర్తిగా కుడి. వినేవారి వైపూ మార్పు వచ్చింది: తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రం ‘సింహాసనం’ ఆరు ట్రాకుల స్టీరియో ధ్వనితో 1986లో థియేటర్లకు వచ్చింది. 1988 నాటి కోర్గ్ ఎం1లో వాయించినదాన్ని దాచి తిరిగి పలికించే ఎనిమిది ట్రాకుల సీక్వెన్సర్ ఉండటంతో, ఒక్క మనిషే వాద్యబృందాన్ని కూర్చి, ఎవరిని ఎటు కూర్చోబెట్టాలో కూడా తేల్చుకోగలిగాడు. అయితే ఇక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. కీబోర్డులోని పియానో, తీగవాద్యాల స్వరాలు చాలావరకు ముందే రెండు వైపులా పరిచి ఉంటాయి. పియానో మంద్ర స్వరాలు ఎడమకు, తార స్వరాలు కుడికి సాగుతాయి. అలాంటివి నాలుగు ఒకేసారి వాడితే అన్నీ అంతటా వినిపిస్తాయి, ఏదీ ఒక చోట నిలవదు. ఒక స్వరాన్ని కుదించి మోనో చేసి పక్కకు జరిపితేనే దానికి చోటు దక్కుతుంది.

ఇది ఇంజనీరు పని కాదా అని అడగవచ్చు. చివరి తూకం ఆయనదే, నిజమే. కానీ మృదంగం, బేస్ రెండూ నడుమే ఉండగా పాడేవారి గొంతుక్కూడా నడుమే చోటు కావాలి. ఆ చోట్లోకి కీబోర్డు తీగల్ని రాయకుండా ఆపడం రచన జరిగేటప్పుడే సాధ్యం. ఇంకో అభ్యంతరం మరింత బలమైనది: మంగళగిరి తిరునాళ్ళలో మైకుసెట్టుమీద, లేదా 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్‌లో పాట విన్నవారికి ఎడమాకుడీ ఎక్కడివి? అన్నీ ఒకే నోటినుంచి వచ్చేవి. పైగా రెండు వైపులా ఒకదానికొకటి ఎదురైన తరంగాలుంటే, మోనోలో కలిసినప్పుడు అవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. విశాలంగా వినిపించిన కోరస్ స్వరం బక్కచిక్కిపోతుంది. ఈ అభ్యంతరం స్థాన నిర్ణయాన్ని కొట్టిపారేయదు, దాని అసలు కొలత చూపిస్తుంది. రెండు వాద్యాలు దిక్కువల్ల మాత్రమే వేరుపడితే మోనోలో ఒకదానిమీదొకటి పడతాయి. స్థాయివల్ల, లయవల్ల కూడా వేరుపడితే మైకుసెట్టు ఒక్క హారన్‌లోనూ విడివిడిగా వినిపిస్తాయి. వేణువు స్వరం పై స్థాయిలో, తీగల స్వరం కింద, గొంతు ఆగిన చోట మాత్రమే పలికే గంటల స్వరం - ఇలా రాసుకున్నాకే ప్యాన్ నాబ్ మీద చెయ్యి వేయాలి.