లాట్ నంబరు మారకూడదు

సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగువాళ్ల ఇళ్లలో గుడ్డ మాట రాని పూట ఉండదు. మా బాపు సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి వచ్చి, తర్వాత రింగ్ రోడ్డు మార్కెట్లో పార్సిళ్లు కట్టే పనిలో కుదిరాడు. నేను కార్పొరేషన్ తెలుగు బడిలో చదువుకుని, ఇదే ఊళ్లో మొబైల్ యాప్‌ల కోసం ఎస్‌డీకేలు రాస్తున్నాను. మేం రాసిన కోడ్‌ను వేరే కంపెనీలవాళ్లు తమ యాప్‌లలో కలుపుకుంటారు. దాన్ని వాళ్లకు అందించే పద్ధతి ఎలా మారుతూ వచ్చిందో మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలకు తప్పకుండా చెబుతాను.

ఆండ్రాయిడ్ తొలి రోజుల్లో కోడ్‌ను జార్ ఫైలుగా కట్టి, జిప్ చేసి మెయిల్లో పంపేవాళ్లం. అందుకున్నవాళ్లు దాన్ని లిబ్స్ ఫోల్డర్‌లో వేసుకునేవాళ్లు. బొమ్మలూ లేఅవుట్లూ అందులో ఇమిడేవి కావు. మా కోడ్‌కు అవసరమైన వేరే లైబ్రరీలను వాళ్లే వెతుక్కోవాలి. ఏ యాప్‌లో ఏ వెర్షన్ ఉందో ఫోన్ చేసి అడిగితే తప్ప తెలిసేది కాదు. 2013లో ఆండ్రాయిడ్‌కు గ్రాడిల్ అనే బిల్డ్ సాధనంతోపాటు, బొమ్మలూ లేఅవుట్లూ ఇమిడే ఏఏఆర్ ఫైలు వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది. సంస్థ పేరు, లైబ్రరీ పేరు, వెర్షన్ కలిపి బిల్డ్ ఫైల్లో ఒక్క వరుస రాస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే దిగుతాయి.

ఆ మూడింటితో లైబ్రరీని గుర్తించే పద్ధతి జావావాళ్ల బిల్డ్ సాధనమైన మేవెన్ నుంచి వచ్చింది. మేవెన్ 1.0 విడుదలైంది 2004లో. అంతకుముందే, 1995లో, పెర్ల్‌వాళ్లు సీపాన్ పేరుతో అందరికీ తెరిచిన భాండారం పెట్టారు.

అందరికీ తెరిస్తే సరిపోదని 2016 మార్చి 22న తెలిసింది. ఒక రచయిత జావాస్క్రిప్ట్‌వాళ్ల భాండారమైన ఎన్‌పీఎం నుంచి తన ప్యాకేజీలన్నీ తీసేశాడు. వాటిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల కోడ్ ఒకటి. దాని మీద ఆధారపడిన బేబెల్ లాంటి సాధనాల బిల్డ్‌లు ప్రపంచమంతటా ఆగిపోయాయి. కొన్ని గంటల్లోనే దాన్ని తిరిగి పెట్టారు, తర్వాత తీసేసే హక్కునూ బిగించారు. జావావాళ్ల భాండారమైన మేవెన్ సెంట్రల్ కట్టుబాటు ఇంకా గట్టిది: ఒకసారి పెట్టిన వెర్షన్‌ను మార్చనివ్వదు, తీయనివ్వదు. నాకు ఇదే సరైనదనిపిస్తుంది. ఒకే లాట్ నంబరు మీద వేరే షేడ్ వెళ్తే ఆ వ్యాపారి మళ్లీ మన గుమ్మం తొక్కడని బాపు అనేవాడు. వెర్షన్ నంబరుకూ అంతే విలువుండాలి. తప్పు దొర్లితే కొత్త నంబరుతో సరిచేసింది పంపాలి, పాతదాన్ని ముట్టుకోకూడదు.

చాలామంది ఆండ్రాయిడ్ రచయితలకు అప్పట్లో జేసెంటర్ అనే మరో భాండారం సులువుగా ఉండేది. 2021 ఫిబ్రవరిలో దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించారు. కొత్తవి చేర్చడం ఆగింది, ఎందరో మేవెన్ సెంట్రల్‌కు మారారు. అక్కడ అడిగేవి ఎక్కువ: సంస్థ పేరు మనదేనన్న రుజువు, సోర్స్ ఫైలు, జావాడాక్, లైసెన్స్ వివరం, ప్రతి ఫైలుకూ పీజీపీ సంతకం. కొత్త పిల్లలు మొదట ఈ చాకిరీకి విసుక్కుంటారు. ఏదైనా విడుదల చేసేముందు మాత్రం వాళ్లతో ఒక ఖాళీ ప్రాజెక్టు తెరిపించి, ఆ ఒక్క వరుసా రాయించి, మా ఎస్‌డీకే దానంతటది దిగుతుందో లేదో చూపించమంటాను.