మోటుపల్లి యభయశాసనము, ఇటలీ నగరరాజ్యములు

మోటుపల్లి చినగంజామునకు సమీపమున సముద్రతీరమందున్న చిన్న గ్రామము. పూర్వము గుంటూరుజిల్లాలోఁ జేరియుండి, 1970లో ఒంగోలుజిల్లాలోనికిని, 2022లో బాపట్లజిల్లాలోనికిని వచ్చినది. అచటి వీరభద్రాలయమునఁ గాకతీయ గణపతిదేవుని శాసనస్తంభము గలదు. దాని కాలము శకవర్షము 1166, అనఁగా క్రీ. శ. 1244–45. దీనిని రాజధర్మమునకు నిదర్శనముగాఁ గొనియాడుట వాడుక. ఆ ప్రశంస యుచితమే. కాని యదే కాలమున ఇటలీలో వర్తకులే రాజ్యమేలుచుండిన నగరములతోఁ బోల్చి చూచినఁగాని యిందలి కొఱఁత తెలియదు.

తుపానునకుఁ జిక్కి యోడలు దరిని బడి పగిలినచో, అందలి బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగువానిని బూర్వరాజులు బలాత్కారముగాఁ గైకొనుచుండిరి. ప్రాణముకంటె ధనమే మిన్నయని సముద్రయానమునకుఁ దెగించిన వర్తకులయందలి దయచేతను, కీర్తిధర్మములకొఱకును గణపతిదేవుఁడు నియతమైన సుంకము దక్కఁ దక్కినదంతయు విడిచెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకపాలు. గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టు, మిరియములు, పోఁకలు ఇందుఁ బేర్కొనఁబడినవి. ఈ మిరియము నేఁటి గుంటూరుసీమ మిరప గాదు. మిరప యమెరికాఖండమునుండి 1492 తరువాతఁగాని వెలికి రాలేదు.

ఈ రేవును బాశ్చాత్యులకుఁ దెలిపినవాఁడు వెనీసు పురవాసి మార్కోపోలో. ఆతఁడు 1295లో స్వస్థలము చేరి, పిమ్మట జెనోవావారికిఁ జిక్కి, 1298లో వారి చెఱసాలయందుఁ బీసా పురవాసియగు రుస్తికెల్లోచేఁ దన వృత్తాంతమును వ్రాయించెను. ఇటలీ నగరముల పరస్పరవైరమే లేకున్న మన తీరమునుగూర్చిన యా గ్రంథము పుట్టకయే యుండెడిదేమో! అందు ముత్ఫిలి యనునది మోటుపల్లియే. వజ్రములను, సాలెగూటివంటి సన్నని వస్త్రములను, నలువదేండ్లు న్యాయముగ నేలిన రాణిని ఆతఁడు మెచ్చెను. ఆమెను రాజు వితంతువనుట పొరపాటు. రుద్రమదేవి గణపతిదేవుని కూఁతురు. ఆమె 1289 నాఁటికే గతించినట్లు చందుపట్ల శాసనమువలనఁ దెలియుచున్నది గావున, ఇందుఁ గొంత వినికివలన వ్రాసినదే. ఓరుగల్లు రాజ్యమంతటిని రేవు పేరఁ బిలుచుటయు గమనింపఁదగినది. వెనీసువానికి నగరమే రాజ్యము. ఇచట నట్లు గాదు.

లొంబార్డీ నగరములు 1167లో గూడి, 1176లో లెన్యానోయొద్ద ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి నోడించి, 1183లోఁ గాన్‌స్టన్స్ సంధివలన నధికారుల నెన్నుకొనుటకును, గోడలు గట్టుకొనుటకును, తమ కూటమిని నిలుపుకొనుటకును హక్కు పొందెను. ఓడ పగిలిన సరకు దోఁచుకొను దురాచారము ఐరోపాతీరములందు నుండెను; ఇటలీ నగరములు పరరాజులతో సంధులు చేసికొని దానిని మాన్పించుకొనుచుండెను. అచట సంధి, ఇచటఁ గరుణ. భేదమంతయు నిందే కలదు.

మన వర్తకులకు సంఘబలము లేకపోలేదు. అయ్యావళి యైనూర్వురును, నకరములును దేవాలయములకొఱకుఁ దమ సరకుల మీఁదఁ దామే మగమ విధించుకొనిరి. సరకుల కావలికి భటులనుంచుకొనిరి. కాని యూరి గోడ వారిది గాదు, సుంకపుఁజావడి వారిది గాదు. ఇటలీలోఁ జక్రవర్తి ఆల్ప్స్ పర్వతముల కావల, పోపు రోమునందు. వారిరువురి కలహము నడుమ నగరములకు సందు దొరకెను. ఇచటి వర్తకుల కట్టి సందు లేదు, ఓరుగల్లు రాజు బలవంతుఁడు. మఱియు వెనీసునకు జుట్టునున్న యుప్పునీటి కయ్యలే కోట. మోటుపల్లిది మఱుఁగులేని తీరము. వెనీసు స్వాతంత్ర్యమును మాత్ర మెంత? 1297లోఁ గొన్ని కుటుంబములవారికే మహాసభలోఁ బ్రవేశమని నిర్ణయించి తలుపు మూసికొనిరి. సామాన్యునికి రెండుచోట్లను బలుకుబడి తక్కువయే. అయినను ఆ తలుపు మూసికొనిన రాజ్యము 1797లో నెపోలియను వచ్చువఱకు నిలిచినది.

కరుణచే వచ్చిన యభయము రాజుతోఁగూడ నస్తమించును. 1323లో నోరుగల్లు పడెను. శకవర్షము 1280, అనఁగా 1358లోఁ గొండవీటి యనపోతరెడ్డి మంత్రి సోమయ చేతిమీఁదుగా రేవును మరల నెలకొలిపి వర్తకులకుఁ గ్రొత్తగా నభయమీయవలసివచ్చెను. అందుఁ బుత్రులు లేనివాని సొత్తును రాజు గైకొను నాచారమును మానెను. పిమ్మట నవచి తిప్పయసెట్టి శ్రీనాథుని హరవిలాసమునకుఁ గృతిభర్త యయ్యెను. వర్తకునకుఁ గావ్యకన్య లభించినది గాని రాజ్యాంగమునఁ బీఠము లభింపలేదు. తరువాత వర్తకము మచిలీబందరునకుఁ దరలెను.

1606లో డచ్చివారును, 1611లో నాంగ్లేయులును ఇదే తీరమునఁ బెద్దపల్లి, అనఁగా నిజాంపట్నమున దిగిరి. డచ్చి వర్తకసంఘమునకు యుద్ధసంధులు చేయు నధికారమును దాని ప్రభుత్వము 1602లోనే యిచ్చియుండెను.